పాషాణానికి కాపలా కాసిన కాగితం

1998 జనవరి నుంచి 2004 డిసెంబరు దాకా వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఒక రకం రక్త క్యాన్సర్ ఉన్న 72 మంది రోగులకు పాషాణంతో చికిత్స చేశారు. మాట వరసకు అంటున్నది కాదు, నిజంగా పాషాణమే. శాస్త్రీయ నామం ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. మన పెద్దలు తెల్లపాషాణం అనేవారు. పెద్దవాళ్లకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించారు. రోగం అణిగేదాకా రోజూ ఇదే. తెల్లకణాలు మరీ పెరిగిపోయిన కొందరికి తోడుగా వేరే మందు ఇవ్వాల్సి వచ్చినా, బరువంతా మోసింది ఆర్సెనిక్ ఒక్కటే. మొదట్లో ఆ ఇంజెక్షన్ బజారులో దొరకలేదు. ఆసుపత్రి ఫార్మసీయే తయారు చేసుకుంది.

విక్రమ్ మాథ్యూస్, బిజు జార్జ్, మామెన్ చాండీ, అలోక్ శ్రీవాస్తవ తదితరుల బృందం ఈ ఫలితాలను 2006లో ‘బ్లడ్’ వైద్య పత్రికలో ప్రచురించింది. 72 మందిలో 86 శాతం మందికి రోగం పూర్తిగా అణిగింది. ఐదేళ్ల లెక్క 2010లో వచ్చింది. అందులో బతికి ఉన్నవాళ్లు సుమారు 74 శాతం. అంతకు నలభై యాభై ఏళ్ల క్రితం ఇదే జబ్బు వస్తే వారాల్లో ప్రాణం పోయేది.

వేలూరు వైద్యులు ఈ దారి పట్టడానికి కారణం రోగుల జేబు. విటమిన్ ఎ నుంచి చేసిన ఖరీదైన మాత్రలు, వాటితో పాటు కీమోథెరపీ కలిపి ఇవ్వడం అప్పటికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. కీమోథెరపీ మొదలుపెడితే తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం వస్తుంది, ఖరీదైన యాంటీబయాటిక్‌లు, రక్తం, ప్లేట్‌లెట్లు కావాలి. మన దేశంలో ఎక్కువమంది ఆ ఖర్చు సొంతంగా పెట్టుకోవాల్సినవాళ్లే. పొలం అమ్మి ఒక విడత చికిత్స చేయించుకుని, రెండో విడతకు రాకుండా పోయేవాళ్లు ఏ క్యాన్సర్ ఆసుపత్రికైనా తెలుసు. చవకగా దొరికే ఆర్సెనిక్ ఒక్కదానితో పని అవుతుందా అన్న ప్రశ్న అలాంటి చోటే పుట్టాలి. న్యూయార్క్‌లో పుట్టడానికి ఆస్కారం తక్కువ.

వేలూరుకు చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల నుంచి తెలుగువాళ్లు తరతరాలుగా వెళ్తున్నారు. తమిళనాట దక్షిణాన ఉన్న మా రాజపాళయం, సత్రపట్టి వైపు నుంచి మదురైకి వెళ్లేవాళ్లు, కొండలు దాటి తిరువనంతపురం క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఎక్కువ. వేలూరు దాకా పోయేవాళ్లూ ఉన్నారు. ఏ ఆసుపత్రికి వెళ్లినా మా ఊరి సరుకు మాకంటే ముందే అక్కడ ఉంటుంది. సత్రపట్టి మగ్గాలు నేసేది గాజ్ గుడ్డ, బ్యాండేజీ గుడ్డ. ఊరి బతుకుతెరువే అది. రోగి చేతికి గుచ్చిన సూది చుట్టూ వేసే కట్టు ఎక్కడిదో ఎవరూ అడగరు గానీ, నేసినవాళ్లకు తెలుసు. ఆసుపత్రి పని మీద మా ఊళ్లకున్న శ్రద్ధ అక్కడి నుంచి వచ్చిందే. పాషాణం మందుగా మారిన ఈ కథలో నన్ను పట్టి లాగింది మాత్రం మందు కాదు, దాని వెంట నడిచిన గుండె కథ. ఈ మందు క్యాన్సర్‌ను చంపుతూనే గుండె లయను చెడగొట్టగలదు. మందును వదిలేయకుండా ఆ ప్రమాదాన్ని ఎలా అదుపులో పెట్టారన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందు జబ్బు సంగతి. 1957లో నార్వే వైద్యుడు లీఫ్ హిల్లెస్టాడ్ ముగ్గురు రోగుల గురించి రాశాడు. ముగ్గురికీ రక్త క్యాన్సర్. కొద్ది వారాల్లో, విపరీతమైన రక్తస్రావంతో చనిపోయారు. దీన్ని అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అంటారు, పొట్టిగా ఏపీఎల్. రక్తం గడ్డకట్టే పద్ధతే తలకిందులవుతుంది. చిగుళ్ల నుంచి రక్తం కారడం, ఒళ్లంతా నల్లమచ్చలు, చివరికి మెదడులో రక్తస్రావం. పడుచు వయసువాళ్లకూ వస్తుంది. 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం దీనికి మూలమని 1977లో షికాగోలో జానెట్ రౌలీ బృందం పట్టుకుంది. అలా అతుక్కున్నప్పుడు పుట్టే ఒక ప్రోటీన్ తెల్లకణాన్ని పెద్దది కానివ్వకుండా పసితనంలోనే ఆపేస్తుంది.

మొదట్లో దీనికి పనిచేసిన మందు డానోరూబిసిన్. ఇటలీలో ఫార్మిటాలియా సంస్థ వాళ్లు కాస్టెల్ దెల్ మోంటే కోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1960ల తొలినాళ్లలో దీన్ని తీశారు. ఎర్రటి మందు. దీని తోబుట్టువే డాక్సోరూబిసిన్, రొమ్ము క్యాన్సర్ రోగులు ‘ఎర్ర మందు’గా ఎరిగినది. రెండూ గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. 1979లో డేనియల్ వాన్ హాఫ్ బృందం డాక్సోరూబిసిన్ తీసుకున్న 4 వేలకు పైగా రోగుల రికార్డులు తిరగేసి, మందు మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె వైఫల్యం ఎలా పెరుగుతుందో గీత గీసి చూపించింది. చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు చేరేసరికి 7 శాతం మందికి గుండె దెబ్బతింటోంది. ప్రాణం నిలబెట్టే మందుకు మొత్తం మీద ఇంతే అని హద్దు పెట్టడం ఆ రోజుల్లో వైద్యులకు అలవాటైంది. ఆ తర్వాత 1985లో షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ ఒక చిన్నపాపకు విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం ఇచ్చి ఏపీఎల్‌ను అణచాడు. క్యాన్సర్ కణాన్ని చంపకుండా పెద్దది చేసి దారిలో పెట్టే మందు అది. డానోరూబిసిన్, రెటినాయిక్ ఆమ్లాలతో పాటు రోగం తిరగబెట్టకుండా తర్వాత ఇచ్చే మాత్రల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లే ప్రయోగశాలలో పుట్టిన మందు. భీమవరంలో పుట్టిన మనిషి చేసిన పని ఈ కథలోనూ తగలడం నాకు సంతోషంగా ఉంటుంది.

పాషాణం కథ హార్బిన్‌లో మొదలవుతుంది. చైనాలో ఈశాన్యాన, మంచు పడే ఊరు. 1970ల తొలినాళ్లలో అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రిలో హాన్ తైయున్ అనే ఫార్మసిస్టు పల్లెల్లో ఒక నాటు మందు గురించి విన్నాడు. పాషాణం, పాదరసపు ఉప్పు, కప్ప విషం కలిపి చేసిన మందు అది. దాన్ని పుళ్ల మీద, గడ్డల మీద వాడేవారు. హాన్ దాన్ని ఇంజెక్షన్‌గా మార్చాడు. ఝాంగ్ తింగ్‌డాంగ్ అనే వైద్యుడు దాన్ని రోగులకు ఇచ్చి చూశాడు. ఇక్కడ ఝాంగ్ చేసిన పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. నాటు మందు పనిచేసిందని పొంగిపోయి ఆగలేదు, పనిచేయలేదని విసిరేయనూ లేదు. మూడు పదార్థాలనూ విడదీశాడు. పాదరసం మూత్రపిండాలను పాడుచేస్తోంది, కప్ప విషం రక్తపోటు పెంచుతోంది. రెండింటినీ తీసేశాడు. మిగిలిన పాషాణమే పనిచేస్తోందని తేల్చాడు. క్యాన్సర్లన్నింటిలోనూ కాదు, ఏపీఎల్‌లోనే బాగా పనిచేస్తోందని కూడా పట్టుకున్నాడు. 1992లో సన్ హాంగ్‌దే, ఝాంగ్ తదితరులు 32 మంది ఏపీఎల్ రోగుల లెక్క చెప్పారు. 21 మందికి రోగం పూర్తిగా అణిగింది. ఆ వ్యాసం చైనా భాషలో రావడంతో బయటి ప్రపంచం దాన్ని పట్టించుకోలేదు.

పాషాణం వైద్యంలోకి రావడం అదే మొదలు కాదు. 1786లోనే ఇంగ్లండులో థామస్ ఫౌలర్ ఆర్సెనిక్ ద్రావణం తయారు చేసి జ్వరాలకు ఇచ్చాడు. 19వ శతాబ్దంలో రక్త క్యాన్సర్‌కూ దాన్నే వాడారు. రేడియేషన్, కొత్త కీమో మందులు వచ్చాక అది అల్మరా వెనక్కి పోయింది. తమిళనాట సిద్ధ వైద్యంలో పాషాణాల జాబితాయే పెద్దది. కాబట్టి విషాన్ని మందుగా వాడటమన్నది మా వైపు ఎవరికీ కొత్త వార్త కాదు. ఎంత, ఎవరికి, ఎన్నాళ్లు, ఏం గమనిస్తూ ఇవ్వాలో లెక్కతో తేల్చడమే కొత్త.

ఆ లెక్క షాంఘైలో మొదలైంది. వాంగ్ ఝెన్‌యీ శిష్యుడు చెన్ ఝూ, సహచరులు 1996, 1997ల్లో ‘బ్లడ్’ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశారు. రోగం తిరగబెట్టిన 15 మందికి ఆర్సెనిక్ ఇస్తే 14 మందికి మళ్లీ అణిగింది. 1998లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిలో స్టీవెన్ సోనియే బృందం 12 మందికి ఇచ్చి 11 మందిలో అదే చూసింది. 2000 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. మందు ప్రోటీన్ల మీద ఎలా పనిచేస్తుందో తర్వాత తేలింది. ఆ చెడు ప్రోటీన్‌లో ఉన్న పీఎంఎల్ భాగానికి ఆర్సెనిక్ నేరుగా అతుక్కుని దాన్ని కణం చేతే నాశనం చేయిస్తుంది. 2010లో చైనా శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో దీన్ని చూపించారు.

గుండె సంగతి ఇక్కడే బయటపడింది. జపాన్‌లోని హమమాత్సులో ఓనిషి బృందం ఆర్సెనిక్ తీసుకుంటున్న 8 మంది రోగులను దగ్గరగా గమనించింది. అందరి ఈసీజీలోనూ క్యూటీ అనే భాగం సాగింది. నలుగురికి గుండె కింది గదుల నుంచి అదుపు తప్పిన దడ వచ్చింది. ఆ వ్యాసం 2000లో అచ్చయింది. 2001లో అమెరికాలో మరో బృందం రాసింది ఇంకా భయం కలిగించేది. తాము ఆర్సెనిక్ ఇచ్చిన 10 మంది రోగుల్లో ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. అమెరికా ఆమోదానికి ఆధారమైన 40 మంది పరీక్షలోనూ 16 మందికి ఒక్కసారైనా క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటింది. ప్రాణాలు కాపాడే మందేనని తేలిపోయింది. దాంతోనే హఠాన్మరణమూ రావచ్చని తేలింది. ఆ సమయంలో ‘ఈ మందు వద్దు’ అని తీర్పు చెప్పడం ఎంత తేలికో ఆలోచించండి. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ మాట చెప్పి ఉంటే ఎందరు పడుచువాళ్లు వారాల్లో పోయి ఉండేవారో కూడా ఆలోచించండి.

క్యూటీ అంటే ఏమిటో తెలియాలంటే ఈసీజీ దగ్గరికి వెళ్లాలి. హాలండులోని లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ 20వ శతాబ్దం మొదట్లో తయారుచేసిన యంత్రం అది. గట్టి అయస్కాంతం మధ్య వెండి పూసిన సన్నని క్వార్ట్జ్ తీగ. గుండె నుంచి వచ్చే విద్యుత్తుకు ఆ తీగ కదిలితే దాని నీడను ఫిల్ము మీద పట్టేవారు. యంత్రం బరువు 270 కిలోల దాకా ఉండేది. నడపడానికి ఐదుగురు కావాలి. మనిషి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టుకుని కూర్చోవాలి. రోగులను ప్రయోగశాలకు తీసుకురాలేక 1905లో ఐంథోవెన్ కిలోమీటరున్నర దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోన్ తీగల మీద గుండె సంకేతం తెప్పించుకున్నాడు. దూరం నుంచి వైద్యం చేయడం ఈనాటి ముచ్చట అనుకుంటాం. గీతలోని శిఖరాలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టిందీ ఆయనే. 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అదే పని ఒక పెట్టె చేస్తుంది. వార్డులో మధ్యాహ్నం వేళ టెక్నీషియన్ బండి తోసుకుంటూ వస్తుంది. జెల్ రాసి, చేతులకు కాళ్లకు క్లిప్పులు తగిలించి, రొమ్ము మీద రబ్బరు బుడ్డీలు ఒత్తి అంటిస్తుంది. చల్లగా తగిలి రోగి ఉలిక్కిపడతాడు. “కదలకండయ్యా, ఊపిరి మామూలుగా తీసుకోండి” అంటుంది. గులాబీ గళ్ల కాగితం చరచరా బయటికి వస్తుంది. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగం, ఒక చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు. క్యూ మొదలైన చోటు నుంచి టీ ముగిసే చోటు దాకా గడులు లెక్కపెడితే అదే క్యూటీ. గుండె కింది గదులు ఒకసారి కొట్టుకోవడానికి విద్యుత్తు విడిచి, మళ్లీ నింపుకుని మరో దెబ్బకు సిద్ధపడటానికి పట్టే సమయం.

మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. పడుగు దారాలు రెండుగా విడిపోయి దారి ఇచ్చాకే నాడె అటు నుంచి ఇటు దూసుకుపోవాలి. దారి తెరుచుకోకముందే నాడె వచ్చిపడితే దారాలు తెగుతాయి. గుండె కణాలు తిరిగి సిద్ధపడటం ఆలస్యమైనప్పుడు, వేళ కాని వేళ మరో దెబ్బ వచ్చిపడితే లయ తెగుతుంది. అప్పుడు ఈసీజీ గీత ఒక ఇరుసు చుట్టూ మెలికలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. 1966లో పారిస్‌లో ఫ్రాన్స్వా దెసెర్తెన్ ఒక వృద్ధురాలి ఈసీజీలో దీన్ని చూసి వర్ణించాడు, ‘టోర్సాద్ ద ప్వాంట్’ అన్నాడు. కొన్ని సెకన్లలో దానంతట అది ఆగితే రోగికి కళ్లు తిరిగినట్టు ఉంటుంది. ఆగకపోతే ప్రాణం పోతుంది. ఆర్సెనిక్ రోగుల్లో వైద్యులు భయపడింది దీనికే.

ఆర్సెనిక్ గుండె కణాన్ని ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఈగల దగ్గర దొరికింది. 1960ల చివర్లో కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ అనే క్యాన్సర్ సంస్థలో విలియం కాప్లాన్ ఈథర్ మత్తులో కాళ్లు వణికించే పండ్ల ఈగలను చూశాడు. ఆ వణుకుకు కారణమైన జన్యువుకు మనుషుల్లో ఉన్న బంధువును 1994లో విస్కాన్సిన్‌లో వార్మ్‌కే, గనెట్‌స్కీ కనుక్కున్నారు. దాని పేరు హెర్గ్. మరుసటి ఏడాది యూటాలో మార్క్ కీటింగ్ బృందం, పుట్టుకతోనే క్యూటీ సాగి ఉండే కుటుంబాలు కొన్నింటిలో ఇదే జన్యువు చెడి ఉందని తేల్చింది. గుండె కణంలో నుంచి పొటాషియం బయటికి పోయే ద్వారాన్ని ఈ జన్యువే కట్టిస్తుంది. ఆ ద్వారం గుండా పొటాషియం పోతేనే కణం మళ్లీ సిద్ధపడుతుంది.

చాలా మందులు ఆ ద్వారానికి అడ్డం పడి క్యూటీని సాగదీస్తాయి. ఆర్సెనిక్ తీరు వేరు. కణం లోపల తయారైన ద్వారాన్ని పైపొరకు చేరకుండా అది లోపలే ఆపేస్తుందని 2004లో ఎకార్డ్ ఫికర్ బృందం చూపింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వార్డులో దీని విలువ పెద్దది. మందు ఎక్కించిన గంటలో ఈసీజీ తీసి బాగుందని నిశ్చింతగా ఉండటానికి లేదు. పాత ద్వారాలు అరిగి, కొత్తవి పైకి రాక, క్యూటీ రోజుల తరబడి నెమ్మదిగా సాగుతుంది. అమెరికా పరీక్షలోనూ సాగింది మొదటి వారం నుంచి ఐదో వారం మధ్యనే, 8వ వారం ముగిసేసరికి మామూలు వైపు తిరిగింది. అందుకే ఈ మందు ఇచ్చినన్నాళ్లూ ఈసీజీ మళ్లీ మళ్లీ తీస్తూ ఉండాలి.

రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గితే ఈ ప్రమాదం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, అన్నం సహించకపోవడం, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు, ఇవన్నీ క్యాన్సర్ రోగికి రోజూ ఉండేవే. అన్నీ ఆ రెండు లవణాలను తగ్గిస్తాయి. అందుకే ఆర్సెనిక్ ఇచ్చినన్నాళ్లూ పొటాషియం లీటరుకు 4 మిల్లీఈక్వివలెంట్ల పైన, మెగ్నీషియం డెసిలీటరుకు 1.8 మిల్లీగ్రాముల పైన ఉండేలా చూడమని మందుతో పాటు వచ్చే సూచనల్లో రాశారు. సీసా పొటాషియం సెలైన్, ఒక ఆంపూల్ మెగ్నీషియం. ఖర్చు చూస్తే క్యాన్సర్ వార్డులో ఇంతకంటే చవకైన పని మరొకటి ఉండదేమో. కానీ ఆ పని చేయడానికి రక్తం పరీక్షకు పంపాలి, ఫలితం చూడాలి, చూసినవాళ్లు వెంటనే కదలాలి. హార్బిన్ నుంచి వేలూరు దాకా ఈ మందును బతికించింది ఆ ఓపికేనని నేను నమ్ముతాను.

తోడు మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాంతులు ఆగడానికి ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, ఫంగస్ సోకితే ఇచ్చే ఫ్లూకోనజోల్, వోరికోనజోల్, జ్వరానికి ఇచ్చే లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు కూడా క్యూటీని సాగదీస్తాయి. ఆర్సెనిక్ రోగికి ఇవన్నీ అవసరం పడవచ్చు. పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టు వీటిని కలిపి చూస్తాడు. రోగి ఊరికి వచ్చి జ్వరం తగిలి వీధి చివర క్లినిక్‌కు వెళ్లినప్పుడు అక్కడి డాక్టరుకు ఆర్సెనిక్ సంగతి ఎవరు చెబుతారు? డిశ్చార్జి కాగితం సంచిలో పెట్టుకుని తిరగమని రోగులకు చెప్పేది ఇందుకే. మా వైపు ఇళ్లలో ఆ కాగితం బీరువాలో చీరల కింద భద్రంగా ఉంటుంది. భద్రత అక్కడ అక్కర్లేదు, చేతిలో ఉండాలి.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన మలుపు ఒక లెక్కది. గుండె వేగంగా కొట్టుకుంటే క్యూటీ సహజంగానే చిన్నదవుతుంది, మెల్లగా కొట్టుకుంటే పెద్దదవుతుంది. కాబట్టి వేగాన్ని బట్టి సరిచేసి చూడాలి. 1920లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ బాజెట్ 39 మంది ఈసీజీలు చూసి ఒక సూత్రం ఇచ్చాడు. రెండు దెబ్బల మధ్య సమయానికి వర్గమూలం తీసి, క్యూటీని దానితో భాగించాలి. అదే ఏడాది కోపెన్‌హాగన్‌లో లూయీ ఫ్రిడెరీషియా వర్గమూలం బదులు ఘనమూలం తీయమన్నాడు. లెక్క తేలిక కాబట్టి బాజెట్‌దే ప్రపంచమంతా పాకింది. ఈసీజీ యంత్రాలు కూడా కాగితం పైన తామే అచ్చువేసేది ఎక్కువగా ఆ లెక్కనే.

ఒక రోగిని తీసుకుందాం. జ్వరం, రక్తహీనత, గుండె నిమిషానికి 100 సార్లు కొట్టుకుంటోంది. ఏపీఎల్ వార్డులో ఇది రోజూ కనిపించే సంగతే. కాగితం మీద క్యూటీ 10 చిన్న గడులు, అంటే 400 మిల్లీసెకన్లు. దెబ్బకు దెబ్బకు మధ్య 0.6 సెకను. బాజెట్ లెక్కన సరిచేసిన క్యూటీ 516. ఫ్రిడెరీషియా లెక్కన 474. కాగితం ఒకటే, గుండె ఒకటే. మొదటి లెక్క ప్రకారం 500 దాటింది కాబట్టి మందు ఆపాలి. రెండో లెక్క ప్రకారం జాగ్రత్తగా గమనిస్తూ కొనసాగించవచ్చు. చికిత్స మొదటి వారాల్లో ఆర్సెనిక్ ఆపడమంటే రోగం తల ఎత్తడానికి అవకాశం ఇవ్వడమే. వందేళ్ల కిందటి ఒక వర్గమూలం మనిషి ప్రాణం మీద తీర్పు చెబుతోందన్న మాట.

2014లో గెయిల్ రోబోజ్ బృందం ఆర్సెనిక్ తీసుకున్న 100 మందికి పైగా రోగుల ఈసీజీలు, సుమారు 3 వేలు, కూడబెట్టి వేర్వేరు సూత్రాలతో లెక్కవేసింది. బాజెట్ సూత్రం వాడితే ప్రమాదపు గీత దాటినట్టు కనిపించేవాళ్ల సంఖ్య మిగతా సూత్రాలతో పోలిస్తే చాలా ఎక్కువ. అంటే అవసరం లేకుండానే మందు ఆపిన సందర్భాలు ఎన్నో ఉండి ఉండాలి. ఆ తర్వాత క్యాన్సర్ రోగుల్లో ఫ్రిడెరీషియా లెక్కే వాడమన్న సలహా గట్టిపడింది. 2022లో యూరప్ గుండె వైద్యుల సంఘం క్యాన్సర్ రోగుల గుండె గురించి తొలిసారి పూర్తి స్థాయి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు అందులోనూ ఇదే చెప్పింది. కొత్త మందు కనుక్కోలేదు, కొత్త యంత్రం తేలేదు. పాత కాగితాన్ని సరిగ్గా లెక్కపెట్టడం నేర్చుకున్నారు, అంతే. దాన్ని నేను ఆవిష్కరణల్లోనే కలుపుతాను.

ఇలా కాపలా కుదిరాక ఆర్సెనిక్ మొదటి వరుసలోకి వచ్చింది. 2013లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో లో-కోకో నాయకత్వంలో ఇటలీ, జర్మనీ వైద్యులు పెద్ద పరీక్ష ఫలితం ప్రకటించారు. రోగం మరీ ముదరని ఏపీఎల్ రోగులకు రెటినాయిక్ ఆమ్లం, ఆర్సెనిక్ రెండే ఇచ్చి, కీమోథెరపీ పూర్తిగా మానేశారు. రెండేళ్లకు ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నవాళ్లు 97 శాతం. కీమోథెరపీ తీసుకున్నవాళ్లలో అది 86 శాతం. కీమో మానేయడమంటే గుండె కండరాన్ని తినే ఆ ఎర్ర మందుల అవసరం కూడా తప్పినట్టే. గుండె లయకు ముప్పు తెచ్చిన మందే, సరిగ్గా కాపలా కాస్తే, గుండె కండరాన్ని కాపాడింది. వేలూరులో డబ్బు లేనివాళ్ల కోసం మొదలైన ఆలోచనకు ఇది ఎంత దగ్గరో చూడండి.

తర్వాత వచ్చిన క్యాన్సర్ మందులూ గుండె లయను ముట్టుకోకుండా లేవు. నీలోటినిబ్ మందు సూచనల కాగితంలో క్యూటీ హెచ్చరిక నల్ల గీతల మధ్య ఉంటుంది. ఇబ్రూటినిబ్ తీసుకునేవాళ్లలో కొందరికి గుండె పైగదులు క్రమం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది. దానికి రక్తం పలచబడే మందు ఇవ్వాలి, ఇస్తే ఈ రోగులకు రక్తస్రావం భయం. రోగనిరోధక శక్తిని రేపే కొత్త మందుల్లో అరుదుగా గుండె కండరమే వాచి లయ ఆగిపోయిన సంఘటనలు 2016లో బయటికి వచ్చాయి. ఒక్కొక్కదానికీ ఒక కథ ఉంది. ఆర్సెనిక్ కథ ముందు జరిగింది కాబట్టి వీటి కోసం వైద్యులు చేతిలో ఈసీజీ పట్టుకునే ఎదురుచూశారు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పాషాణం క్యాన్సర్‌కు మందని ఈ కథ చదివి ఎవరూ అనుకోకూడదు. ఏపీఎల్ అనే ఒక్క జబ్బుకు, కొలిచిన మోతాదులో, ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం చూస్తూ ఇచ్చినప్పుడే అది మందు. ఏ క్యాన్సర్‌కైనా భస్మం ఇస్తామని మా వైపు తిరిగేవాళ్లున్నారు. ఆ పొట్లంలో ఎంత ఆర్సెనిక్ ఉందో తెలియదు, గుండె ఏమవుతోందో చూసేవాళ్లు ఉండరు. ఝాంగ్ తింగ్‌డాంగ్ నాటు మందును గౌరవించాడు కాబట్టే దాన్ని ముక్కలుగా విడదీసి పరీక్షించాడు. ఆ పరీక్ష దాటని పొట్లాన్ని గౌరవించాల్సిన పని లేదు.

ఇప్పుడు నోటితో తీసుకునే ఆర్సెనిక్ వస్తోంది. హాంకాంగ్‌లో క్వాంగ్ యోక్-లామ్, సైరస్ కుమానా తాగే ద్రావణం తయారుచేశారు. రక్తంలో ఒక్కసారిగా మోతాదు పెరగదు కాబట్టి క్యూటీ మీద దాని ప్రభావం తక్కువగా కనిపించింది. చైనాలో మణిశిల అనే ఆర్సెనిక్ ఖనిజం నుంచి చేసిన మాత్రలనూ రెటినాయిక్ ఆమ్లంతో కలిపి ఇచ్చి మంచి ఫలితాలు చూపారు. నెలల తరబడి సెలైన్ కోసం వేలూరులోనో తిరువనంతపురంలోనో గది అద్దెకు తీసుకుని ఉండాల్సిన రోగి ఇంట్లోనే మందు మింగవచ్చు. ఇంటిదాకా వచ్చిన మందు వెంట ఈసీజీ, రక్తపరీక్ష కూడా రావాలి. ఈసీజీ యంత్రానికి ఇప్పుడు ఐదుగురు మనుషులు అక్కర్లేదు, తాలూకా ఆసుపత్రిలోనూ ఉంటుంది. గీత తీసినవాళ్లు గడులు లెక్కపెట్టి, ఘనమూలం తీసి, 500 దాటిందో లేదో పెద్దాసుపత్రికి అదే రోజు ఫోన్‌లో చెప్పగలిగితే చాలు.